దిక్కులేని అంకె

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై. మూడో అంతస్తు వార్డులో నాలుగో మంచం చుట్టూ పోలీసులు కట్టిన పసుపు రిబ్బను కిందనుంచి హెడ్డు వంగి లోపలికి దూరాడు. నడుం కలుక్కుమంది. లోపల పరుపు లేని ఇనప మంచం, తలవైపు గోడకు మందు చుక్కల్ని లెక్కపెట్టి వదిలే పంపు, దాని కింద అంకెల మీటలు. అంతే. నిన్న మధ్యాహ్నం పన్నెండూ ఐదుకి ఆరేళ్ళ పిల్ల ఊపిరి ఆగిపోయింది ఇక్కడే.

ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా నలిగి, బయటికొచ్చి సొంతంగా ఆరాలు తీసే పని పెట్టుకుని తొమ్మిదేళ్ళయినా, అందరి నోటా ఆయన ఇంకా హెడ్డే. ఈ కేసు ఆయన నెత్తిన పెట్టింది ముద్దాయి అత్తగారు. ఇవాళ తెల్లారేసరికి గుమ్మంలో నిలబడి, "నేను అత్తని అన్నయ్యా. తప్పులు వెతకడం నా పని. ఏడేళ్ళుగా వెతుకుతున్నా మా కోడలి చేతిలో నాకొక్కటీ దొరకలేదు. ఈ మెషీనుకి ఒక్క పూటలో దొరికిందా?" అని అడిగింది. ఆ మాటకే ఆయన చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ ఇప్పుడు వార్డు బయట, అద్దాల తలుపు అవతల బెంచీ మీద కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు.

సాయంత్రం ఐదింటికి కోర్టు. ఆలోపు ఏదో ఒకటి దొరక్కపోతే ఆ కోడలు, వార్డు రిజిస్టరు లెక్కలో రెండు వందల ఏడో నంబరు నర్సు, అట్నుంచటే జైలుకు.

పొద్దున లాకప్పులో ఆ అమ్మాయిని చూశాడు హెడ్డు. ఏడవడం కూడా అయిపోయిన మొహం.

"పిల్ల బరువు పదిహేడు అని కేసు షీట్లో నా చేత్తో నేనే రాశాను బాబాయ్. మెషీన్లో అరవై ఎనిమిది అని కొట్టానట. నాకైతే గుర్తులేదు."

"కొట్టావా, లేదా? ఒక్క మాట చెప్పు."

"రిజిస్టర్లో ఉందిగా. మెషీనుకి నా మీద పగేముంటుంది? కొట్టే ఉంటాను."

తను చేయలేదని వాదించే ముద్దాయిల్ని హెడ్డు వందలమందిని చూశాడు. వాళ్ళని నమ్మాలో వద్దో తేల్చుకోవచ్చు. తనని తనే నమ్మడం మానేసిన మనిషిని ఎలా కాపాడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"అయిందా మీ దర్శనం?" వార్డు పెద్ద సిస్టర్ రిబ్బను అవతలినుంచే అడిగింది. లావుపాటి మనిషి, నడకలో మాత్రం చప్పుడుండదు. "నిన్నటినుంచి వచ్చినవాడల్లా ఈ మంచాన్ని చూసి తల ఊపి పోతున్నాడు. మంచం ఏం చెప్తుంది?"

"నన్ను తిట్టడం తర్వాత పెట్టుకోండి సిస్టరుగారూ. పేషంటు బరువు ఈ మెషీనుకి ఎలా తెలుస్తుంది?"

"మంచం కిందే కాటా ఉంది. పడుకోగానే అదే చూసుకుంటుంది. బరువుని బట్టి మత్తు మందు ఎన్ని చుక్కలో లెక్క తేలుతుంది. కాటా చెడితేనే మేం ఈ మీటలు నొక్కి ఎక్కించాలి. ఆరేళ్ళలో నేను రెండుసార్లు నొక్కి ఉంటాను."

హెడ్డు జేబులోంచి రిజిస్టరు కాగితం తీశాడు. కోర్టులో పెట్టబోయేదానికి నకలు. అందులో ఒక్కటే వరుస కింద ఎర్ర గీత ఉంది. పదకొండూ ఇరవై నాలుగు, మంచం నాలుగు, బరువు 68.35, చేత్తో ఎక్కించినవారు 207.

"ఓసారి ఇదే అంకె నొక్కండి."

పెద్ద సిస్టర్ వేలు ఆరు మీద ఆగింది, ఎనిమిది మీద ఆగింది, ఆ తర్వాత గాలిలో అటూ ఇటూ తిరిగి వెనక్కొచ్చింది. ఒకటి నుంచి సున్నా దాకా పది మీటలు. ఎర్రది రద్దు, పచ్చది సరే. ఇంకేమీ లేదు.

"పాయింటు ఏది?" అందావిడ, తనని తనే అడుగుతున్నట్టు.

"అదే నేనూ అడుగుతున్నా."

ఆయన మోకాళ్ళ మీద కూలబడి మంచం కింద తల పెట్టాడు. కాటాలోంచి వచ్చే నల్ల తీగ గోడ దాకా పోలేదు. చివర ఇత్తడి నాలుక వంగిపోయి నేల మీద పడుంది. ఎవరో లాగినట్టు కాదు, బరువైనదేదో ఈడ్చినప్పుడు దాంతోపాటు వచ్చేసినట్టుంది.

"నిన్న ఈ మంచం మీద పరుపు మార్చారా?"

"మార్చారు. ముందున్న లారీ డ్రైవరు పదిన్నరకి ఇంటికెళ్ళాడు. పది యాభై ప్రాంతంలో ఆయాలు పరుపు లాగారు. పదకొండూ ఇరవైకి పిల్లని తెచ్చారు."

"డ్రైవరు బరువు?"

ఆవిడ బల్ల దగ్గరికెళ్ళి పాత కేసు షీటు తిరగేసింది. ఆ షీటు మీదే వేలు ఉంచి, తలెత్తకుండా చెప్పింది. "అరవై ఎనిమిది పాయింటు మూడు ఐదు."

హెడ్డు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వాదన ఆయనకు తెలుసు. నర్సు తొందరలో పాత షీటు చూసి పాత మనిషి బరువు కొట్టిందని. చూసి కొట్టి ఉంటే అరవై ఎనిమిది అని కొట్టాలి. ఆ పాయింటు మూడు ఐదు మనిషి వేలితో లోపలికి పోయేది కాదు.

రెండూ పదికి వరండా చివరి మెషీన్ల గది తలుపు తోశాడు. కంపెనీ పంపిన ఇంజనీరు తెర ముందు కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, కళ్ళ కింద మాత్రం యాభై ఏళ్ళవాడి చారలు. బల్ల మీద అతను సంతకం పెట్టిన సర్టిఫికెట్టు ఉంది. మెషీనులో ఏ లోపమూ లేదని.

"కూర్చో బాబూ, లేవక్కర్లేదు," అంటూ హెడ్డు తలుపు మూసి దానికే వీపు ఆనించి నిలబడ్డాడు. "ఈ మెషీను లోపల పని ఎలా నడుస్తుందో నాకు చెప్పు. నేను పదో తరగతి రెండుసార్లు రాసినవాణ్ణి. దానికి తగ్గట్టు చెప్పు."

"అంత సులువుగా చెప్పేది కాదండీ."

"ఆరేళ్ళ పిల్ల చచ్చిపోయింది. కష్టపడు."

ఇంజనీరు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "ఈ అంతస్తు మొత్తానికి ఒక ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో ఇంటిపెద్ద అనుకోండి. ఆయన స్వయంగా ఏ పనీ చేయడు. ఎవర్ని ఎప్పుడు లేపాలి, ఎవరి తర్వాత ఎవరు, అంతవరకే. పనిచేసేవి ప్లగిన్లు. కోడళ్ళ లాంటివి. బరువు చూసేది ఒకటి, మందు లెక్క కట్టేది ఒకటి, రిజిస్టరు రాసేది ఒకటి. సెకనుకోసారి పెద్దాయన వరసగా పిలుస్తాడు, ఎవరి పని వాళ్ళు చేసి తప్పుకుంటారు."

"కోడళ్ళు మాట్లాడుకోరా?"

"మాట్లాడుకోకూడదు. అదే నియమం. మాట్లాడుకుంటే ఒకళ్ళ గొడవ ఇంకొకళ్ళకి అంటుకుంటుంది. ఏదైనా చెప్పాలంటే నడవలో ఉమ్మడి పలక ఉంటుంది, దానిమీద రాయాలి. బరువు ప్లగిన్ బరువు రాస్తుంది. మందు ప్లగిన్ వచ్చి ఆ అంకె చదువుకుని చుక్కలు లెక్కేస్తుంది. ఎవరు రాసింది వాళ్ళే చెరపాలి, బరువైతే కొత్త పేషంటు పడుకున్నాకే చెరుపుతుంది. ఇంకొకళ్ళది ముట్టుకోకూడదు."

"బాగుంది. ఒక కోడలు మంచాన పడిందనుకో?"

ఇంజనీరు చేతిలో కళ్ళజోడు ఆగింది.

"నిన్నే అడుగుతున్నా."

"ఫ్రేమ్‌వర్క్ మూడుసార్లు లేపి చూస్తుందండీ. లేవకపోతే పక్కన పెట్టేసి మిగతావాటితో పని నడిపిస్తుంది. ఒకదానివల్ల ఇల్లంతా ఆగిపోకూడదు కదా. ఆస్పత్రి ఆగకూడదు. అదే దీని గొప్పతనమని చెప్పే అమ్ముతాం."

"పక్కన పెట్టిన సంగతి వార్డులో ఎవరికైనా చెప్తుందా?"

"లోపల ఒక ఫైల్లో రాసుకుంటుంది."

"ఆ ఫైలు నర్సులు చూస్తారా?"

"చూడరు. వాళ్ళకి కనబడదు."

"సరే. మంచాన పడకముందు ఆ కోడలు పలక మీద రాసిన అంకె ఏమవుతుంది?"

హెడ్డు తలుపు దగ్గర్నుంచి కదిలి, బల్ల మీదున్న సర్టిఫికెట్టును రెండు వేళ్ళతో అతని ముందుకు జరిపాడు.

"అలాగే ఉండిపోతుంది," అన్నాడు ఇంజనీరు నెమ్మదిగా. "చెరపాల్సింది అదే కాబట్టి."

"లారీ డ్రైవరు ఇంటికెళ్ళిపోయాడు. అతని అరవై ఎనిమిది పాయింటు మూడు ఐదు పలక మీద కూర్చుంది. పిల్ల వచ్చి పడుకుంది. మందు కోడలు వచ్చింది, పలక చూసింది, లారీ డ్రైవరుకి పట్టేంత మత్తు పిల్లకి ఎక్కించింది. ఇంతేనా?"

"ఇలా జరగొచ్చండీ. జరిగిందని కాదు."

"ఆ లోపలి ఫైలు తెరువు."

ఇంజనీరు తెరిచాడు. చాలాసేపు కిందికి జరుపుతూ పోయాడు. అంత అవసరం లేదని, చూడాల్సిన చోటు అతనికి ముందే తెలుసని హెడ్డుకు అర్థమైంది. నిన్న పది యాభై రెండు. బరువు ప్లగిన్ పడింది. మళ్ళీ పడింది. మళ్ళీ పడింది. పక్కన పెట్టబడింది.

"తీగ ఊడిందిగా," అన్నాడు హెడ్డు. "పరుపుతోపాటు ఊడొచ్చింది. ఇంకొక్కటి చెప్పు, నిన్ను వదిలేస్తాను. చేత్తో ఎక్కించినట్టు ఆ అమ్మాయి నంబరు ఎందుకు పడింది?"

ఇంజనీరు తెర వైపు నుంచి ఇటు తిరిగాడు. "రిజిస్టరు ప్లగిన్ నేనే రాశానండీ. పలక మీద ప్రతి అంకె పక్కనా దాన్ని రాసిన ప్లగిన్ పేరు ఉంటుంది, ఓనరు అంటాం. మనుషులు చేత్తో కొట్టిన అంకెకి ఓనరు ఉండదు. ప్లగిన్‌ని పక్కన పెట్టినప్పుడు ఫ్రేమ్‌వర్క్ దాని పేరు కొట్టేస్తుంది, అంకె మాత్రం మిగులుతుంది. కొత్త పేషంటుకి పేజీ తెరవగానే నా రిజిస్టరు చూస్తుంది. ఓనరు లేదు, అంటే ఎవరో చేత్తో ఎక్కించారు. ఎవరు? డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు."

"దిక్కులేని అంకె కనిపిస్తే దాన్ని డ్యూటీ నర్సు ఒళ్ళో పడేశావన్నమాట."

"ఖాళీగా వదలకూడదన్నారండీ. ప్రతి వరసకీ ఒక మనిషి పేరు ఉండి తీరాలని ఆస్పత్రివాళ్ళ షరతు."

హెడ్డుకు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. పొద్దుటినుంచీ ఇదే మొదటిసారి. అప్పుడే తలుపు తెరుచుకుంది.

రెండూ యాభై రెండు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో లాఠీ పట్టుకోవడం హెడ్డు దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు, అదే గొడవ.

"ఏం హెడ్డుగారూ, మా సాక్షికి పాఠాలు చెప్తున్నారా?"

"చెప్పించుకుంటున్నాను సార్. మీరు నేర్చుకోకుండా వదిలేసినవి."

"నేర్చుకోవాల్సింది అయిపోయింది." ఇన్‌స్పెక్టరు మడత కాగితం విప్పి చూపించాడు. "మీ మనిషి ఒప్పుకుంది. ఎదురుగా ఉన్న స్టేషన్లో, నా బల్ల ముందు కూర్చుని. రెండూ ఇరవై ఐదుకి మొదలుపెట్టి రెండూ నలభైకి సంతకం. నేను చెయ్యి కూడా ఎత్తలేదు. 'నేనే చేసుంటాను, రాసుకోండి' అంది."

"చేసుంటాను అంటే చేశానని కాదు సార్."

"కోర్టులో అవుతుంది."

హెడ్డు కాగితం మీది అంకె చూపించాడు, మీటల సంగతి చెప్పాడు, తీగ సంగతి చెప్పాడు, పలక సంగతి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నవ్వుతూ విన్నాడు.

"రిజిస్టరు ఉంది, సంతకం ఉంది, సర్టిఫికెట్టు ఉంది. మీ దగ్గరున్నది ఒక చుక్క. ఆ పాయింటు పట్టుకుని నాతో పోట్లాటకొచ్చారా?"

"మీకు ఒక్క చుక్క చాలదని నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ మీది మందబుద్ధేగా."

"నోరు జాగ్రత్త! ఈ గదిలో మీరు ఎవరు? ఏ హోదాలో నిలబడ్డారు?"

"మీకు బూట్లకి తాడు కట్టుకోవడం నేర్పిన హోదాలో."

ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు. హెడ్డు తగ్గలేదు. తొమ్మిదేళ్ళుగా లోపల దాచుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది. ఎవరు ఎవరి రిపోర్టు కాజేశారు, ఎవరివల్ల ఎవరికి ప్రమోషను ఆగింది, పాత ఫైళ్ళన్నీ ఆ ఇరుకు గదిలో పైకి లేచాయి. గోడ గడియారంలో పెద్ద ముల్లు అలా పోతూనే ఉంది. ఇంజనీరు రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండుసార్లూ హెడ్డే, "నువ్వాగు," అన్నాడు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. "మీ అరుపులు వార్డు ఆ చివరికి వినిపిస్తున్నాయి. ఇది ఆస్పత్రి, సంత కాదు," అంది పెద్ద సిస్టర్.

ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి, "సరే. మీరన్నదే నిజమనుకుందాం. ఓనరు లేని అంకెకి దానంతటదే నర్సు నంబరు పడుతుందా? నాకు చూపించండి. ఇంకోచోట ఎక్కడైనా పడిందా? ఒక్కటి చూపిస్తే ఈ సంతకం నేనే చించేస్తాను," అన్నాడు.

"రిజిస్టరు చివర్నుంచి చూపించు," అన్నాడు హెడ్డు.

ఇంజనీరు మీటలు నొక్కాడు. తెర మీద ఇవాళ్టి వరసలు వచ్చాయి. నాలుగో వరసకే ఆగాడు.

రెండూ ముప్ఫై ఒకటి. మంచం పదకొండు. బరువు 74.60. చేత్తో ఎక్కించినవారు 207.

హెడ్డు అరచేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు.

"రెండూ ముప్ఫై ఒకటికి రెండు వందల ఏడు ఎక్కడుంది సార్? మీ బల్ల ముందు! మీ చేతిరాతతో మీరే టైము వేశారు! కార్డు పెట్టి డ్యూటీ దిగనివ్వకుండా లాక్కెళ్ళారు, అందుకే మెషీను లెక్కలో ఆ అమ్మాయి ఇంకా డ్యూటీలోనే ఉంది. ఇంతకన్నా పెద్ద సాక్షి కావాలా? ఆ అమ్మాయికి సాక్షి మీరే!"

ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితం వైపు, తెర వైపు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. హెడ్డు ఆ మొహాన్ని తనివితీరా చూశాడు. ఇంకాసేపు చూడాలనిపించింది.

"పదకొండులో ఉదయం ఉన్నది రిటైరైన మేస్టారు," అంది పెద్ద సిస్టర్. "ఆయన మధ్యాహ్నం వెళ్ళిపోయారు. ఇప్పుడున్నది కుట్టుమెషీనావిడ. ఆపరేషన్ థియేటర్లోంచి రెండూ ఇరవైకి తెచ్చాం. ఆవిడ ముప్ఫై ఎనిమిది కిలోలు."

బరువు ప్లగిన్ పడింది నాలుగో మంచానికి మాత్రమే కాదు. అంతస్తు మొత్తానికి. నిన్న పది యాభై రెండునుంచి ఈ అంతస్తులో ఏ కొత్త మనిషి బరువూ ఎవరూ చూడలేదు. ఆ మాట రెండూ యాభైకే ఆ తెర మీద ఉంది. హెడ్డు చదివాడు. తన ముద్దాయికి పనికొచ్చే ముక్క వరకే చదివాడు.

ఆయన కళ్ళు గడియారం మీద పడ్డాయి. మూడూ ఎనిమిది.

అందరికన్నా ముందు పెద్ద సిస్టర్ పరిగెత్తింది. ఆ లావుపాటి మనిషి అలా పరిగెత్తగలదని ఎవరూ అనుకోరు.

పదకొండో మంచం పక్కన స్టూలు మీద సన్నటి మనిషి కూర్చుని భార్య పాదాల మీద దుప్పటి సర్దుతున్నాడు. వీళ్ళని చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "కాస్త మెల్లగా సార్. నొప్పితో అల్లాడిపోయింది. ఇప్పుడే నిద్రపట్టింది."

పెద్ద సిస్టర్ అతన్ని దాటి వెళ్ళి గొట్టం లాగేసింది. "డాక్టర్!" అని ఆవిడ వేసిన కేకకు వార్డంతా లేచి కూర్చుంది. మంచం చుట్టూ తెర లాగారు. స్టూలు దొర్లింది. అతన్నీ, మిగతావాళ్ళనీ ఎవరో బయటికి తోశారు. అద్దాల తలుపు బయట నిలబడి అతను ఒక్కటే అడుగుతున్నాడు, "నిద్రేగా సార్? నిద్రేగా?"

ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గర ఫోనులో అంటున్నాడు, "ఆగండి. రెండు వందల ఏడుని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. కాగితాలు పంపొద్దు. నేను చెప్తున్నాగా, పంపొద్దు." గొంతులో ఇందాకటి దర్పం లేదు.

ఇంజనీరు గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. "అన్ని మంచాలూ చేతి లెక్కకి మార్చమని చెప్పాను సార్," అన్నాడు హెడ్డు పాదాల వైపు చూస్తూ. "ఇక్కడ ఆగుతుంది."

"ఇక్కడ అంటే?"

"ఈ ఫ్రేమ్‌వర్క్ నూట నలభై ఆస్పత్రుల్లో ఉంది. లోపం లేదని నేను సంతకం పెట్టిన సర్టిఫికెట్లలో ఇది మూడోది."

హెడ్డు అతని పక్కనే వంగాడు. "ముందు ఇద్దరు నర్సులు?"

"వాళ్ళూ ఒప్పుకున్నారు. ఒకావిడ శిక్ష అనుభవిస్తోంది. ఇంకొకావిడ..." అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. హెడ్డు ఆ మాట పూర్తి చేయమని అడగలేదు.

భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. ముద్దాయి అత్తగారు. బెంచీ మీదనుంచి లేచొచ్చినట్టుంది, నిలబడలేక గోడ పట్టుకుంది.

"ఇన్‌స్పెక్టరు ఫోనులో అన్నది విన్నాను అన్నయ్యా. కోర్టుకి తీసుకెళ్ళొద్దంటున్నాడు. మా పిల్ల బయటపడ్డట్టేనా?"

అద్దాల తలుపులోంచి తెర పక్క సందు కనిపిస్తోంది. డాక్టరు రెండు చేతులూ అప్పటిదాకా లయగా కిందికీ పైకీ కదులుతున్నాయి. ఆగాయి. ఆయన నడుం నిటారుగా చేసి గోడ మీది గడియారం వైపు తలెత్తాడు. పెద్ద సిస్టర్ మెషీను వైపు చూడకుండా జేబులోంచి పెన్ను తీసి, కేసు షీటు మీద చేత్తో టైము రాసింది. మూడూ ఇరవై రెండు.

"చెప్పు అన్నయ్యా."

"బయటపడిందమ్మా," అన్నాడు హెడ్డు.

ఆవిడ గొల్లుమని ఏడ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. పక్కనే కుట్టుమెషీనావిడ మొగుడు, ఈ ఏడుపు తన గురించేమోనని, ఒకళ్ళ మొహం తర్వాత ఒకళ్ళ మొహం చూస్తున్నాడు. హెడ్డు చేతులు వెనక్కి తీసుకోబోయాడు. ఆవిడ వదల్లేదు.